సగం వాన ఆపే పైకప్పు: బీడు గడ్డి మీద రెండేళ్ల డైరీ

ఇలాంటిది ఇంకెవరైనా కట్టుకోవాలనుకుంటే పనికొస్తుందని రాస్తున్నా, అందుకే బాగా వచ్చిన చోట్ల కన్నా చెడిపోయిన చోట్లే ఎక్కువ రాశా. కొలతలన్నీ నా నోట్‌బుక్‌లో ఉన్నవే.

స్థలం: అనంతపురం నుంచి ధర్మవరం పోయే దోవలో, గుట్ట కింద మూడెకరాల బీడు. ఒకప్పుడు శనక్కాయ వేసేవాళ్లం, తొమ్మిదేళ్ల నుంచి దున్నలేదు. ఎర్రనేల, అడుగు దాటి తవ్వితే గరుసు తగులుతుంది. ఇప్పుడు ఉన్నది పందిముల్లు గడ్డి (దాని గింజ లుంగీకి గుచ్చుకుంటే ఒకపట్టాన ఊడిరాదు), కాస్త గరిక, వెంపలి, అక్కడక్కడ తంగేడు. నైరుతి మబ్బు పడమటి కనుమల దగ్గరే చాలావరకు కురిసేస్తుంది, మా వైపుకు ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపు వస్తుంది, అందులోనూ సెప్టెంబరు, అక్టోబరులదే పెద్ద వాటా.

ఊర్లో కరువు గురించి మాట్లాడితే అందరం వాన లెక్కే చెప్తాం, ఇన్ని మిల్లీమీటర్లు తక్కువ పడింది అని. గొర్లు తినేది మేత కదా. వాన సగమైతే మేత సగమవుతుందా, అంతకన్నా తగ్గుతుందా, లేకపోతే అంత తగ్గదా? దీనికి నిజంగా కరువొచ్చే దాకా కూర్చోవాల్సిన పని లేదు, ఒకే నేలలో కొంచెం చోటు మీద వాన ఆపి, పక్కది అట్లే వదిలేసి, సీజన్ అయ్యాక రెండూ కోసి ఎండబెట్టి తూచితే చాలు. ప్రపంచంలో గడ్డినేలల్లో, పొదల నేలల్లో వంద చోట్ల ఇట్లనే పైకప్పులు కట్టి చూశారు, ఆ లెక్కలు 2024లో వచ్చాయి. వందేళ్లకోసారి వచ్చేంత గట్టి కరువు ఒక్క ఏడాది వచ్చినా, దానికన్నా తక్కువ స్థాయి కరువుతో పోలిస్తే మేత నష్టం 60 శాతం ఎక్కువ ఉందట. వాళ్ల పద్ధతినే నేను చిన్నగా చేసుకున్నా.

స్టేజ్ 1: పీవీసీ పైకప్పు, పనికిరాలేదు (మొదటి ఏడు, జూన్)

లెక్క ఇది. పైకప్పు 2.5 మీటర్లు పొడవు, 2.5 మీటర్లు వెడల్పు. మొత్తం కప్పేయకుండా పట్టీలు పట్టీలుగా వేసి మధ్య సందులు వదలాలి. 250 సెంటీమీటర్లలో పట్టీలు 125 కప్పితే సగం వాన పట్టీల మీద పడి బయటికి పోతుంది, మిగతా సగం సందుల్లోంచి గడ్డికి చేరుతుంది.

1. నాలుగంగుళాల పీవీసీ పైపుల్ని గ్రైండర్‌తో నిలువునా చీల్చా. మొత్తం 12 సగాలు, ఒక్కోటి 11 సెం.మీ. వెడల్పు.
2. వెదురు బొంగులు పాతా. వెనక 110 సెం.మీ. ఎత్తు, ముందు 60.
3. కింది చివర గట్టర్, అక్కడ్నుంచి పైపు వేసి 200 లీటర్ల నీలం డ్రమ్ములోకి.
4. కొలత ప్లాటు మధ్యలో ఒక మీటరుకు ఒక మీటరు మాత్రమే. చుట్టూ 75 సెం.మీ. అంచు వదిలేశా, గాలికి ఏటవాలుగా వచ్చే జల్లు అక్కడే పడిపోతుందని.
5. వాన గేజ్: 15 సెం.మీ. గరాటు, కింద క్యాను. గరాటు మూతి 176.7 చదరపు సెంటీమీటర్లు, అంటే 17.7 గ్రాముల నీళ్లు వస్తే ఒక మి.మీ. వాన. గీతలు చూసి చదవడం కన్నా నీళ్లను తూయడం నయం, అర మి.మీ. తేడా కూడా తెలుస్తుంది.

డ్రమ్ము తప్పనిసరిగా పెట్టండి. పట్టీలు సగం కప్పాయి కాబట్టి సగం వాన ఆగిందని కాగితం మీద అనుకుంటాం, నిజంగా ఎంత ఆగిందో డ్రమ్ము ఒక్కటే చెప్తుంది.

జూన్ 19, మృగశిర కార్తె. గేజ్‌లో 22 మి.మీ. అంటే చదరపు మీటరుకు 22 లీటర్లు, పైకప్పు 6.25 చదరపు మీటర్లు, మొత్తం 137.5 లీటర్లు. నా పట్టీలు సగానికి ఇంకొంచెం ఎక్కువే కప్పాయి కాబట్టి తక్కువలో తక్కువ 68 లీటర్లు రావాలి. డ్రమ్ములో ఉన్నది 38. ఆగింది 28 శాతమే. రెండో వానకు గొడుగేసుకుని పక్కన నిలబడి చూశా: గట్టర్ జాయింట్ కారుతోంది, పైపు సగాలు నిండి పక్కకు పొంగుతున్నాయి (వాలు చాలలేదు), గాలి వైపు నుంచి జల్లు నేరుగా పైకప్పు కిందికే వస్తోంది.

దీనికన్నా పెద్ద తప్పు ఇంకోటి బయటపడింది. ఆ వాన అయిన ఐదో రోజు పై 10 సెం.మీ. మట్టి తీసి, ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర ఒక రోజంతా ఎండబెట్టి తూచా. ఓపెన్‌లో (పైకప్పు లేకుండా వదిలేసిన ప్లాటులో) తేమ 7.9 శాతం. పైకప్పు కింద 9.1! వాన తక్కువ పడిన చోట తేమ ఎక్కువ. మూడుసార్లు తూచినా అదే వచ్చింది. ఫోన్‌లో వెలుతురు కొలిచే లక్స్ యాప్ పెట్టి చూస్తే ఎండలో 98,000, పైకప్పు కింద 52,000. తెల్ల పీవీసీ నీడ వేసేస్తోంది, నీడకు నేల ఆరడం లేదు. నేను కరువు కట్టాననుకున్నా, నిజానికి పందిరి కట్టా. ఇట్ల గడ్డి తగ్గినా అది వాన లేక తగ్గిందో ఎండ లేక తగ్గిందో ఎవరూ చెప్పలేరు.

ఇప్పటివరకు ఖర్చు: 4,300 రూపాయలు. ఇప్పటివరకు పనికొచ్చే డేటా: లేదు.

స్టేజ్ 2: పాలీకార్బొనేట్ పట్టీలు, గాలి (జులై, ఆగస్టు)

2 మి.మీ. మందం క్లియర్ పాలీకార్బొనేట్ షీటు కొన్నా. 14 సెం.మీ. పట్టీలుగా కోసి, రెండు ఇనుప యాంగిల్స్ మధ్య బిగించి చల్లగానే వంచితే మధ్యలో మడత పడి కాలువలా అవుతుంది, వెడల్పు 10 సెం.మీ.కి కాస్త పైన మిగులుతుంది. వేడి చేయొద్దు, నేను ఒకటి వేడి చేస్తే బుడగలొచ్చి తెల్లబడింది.

మొదటి ఫ్రేము మళ్లీ వెదురుతోనే వేశా, బొంగులు 30 సెం.మీ. లోతే పాతా. పుష్యమి కార్తెలో గాలి మొదలైంది. మా దగ్గర జూన్ నుంచి ఆగస్టు దాకా గాలి ఎట్ల ఉంటుందో తెలిసి కూడా, రామగిరి గుట్టల మీద గాలిమరలు పెట్టింది ఈ గాలికే అని తెలిసి కూడా, పైకప్పుకు కింద నుంచి గాలి పడితే రెక్కలా లేస్తుందన్న ఆలోచన రాలేదు. పొద్దున పోయి చూస్తే ఫ్రేము నలభై అడుగుల అవతల కంపలో పడి ఉంది, రెండు పట్టీలు చీలిపోయాయి. రెండు బొంగుల మొదళ్లు అప్పటికే చెదలు తినేశాయి.

మార్చినవి:

1. వెదురు బదులు ఒక అంగుళం జీఐ పైపు, వెల్డింగ్ అన్న దగ్గర చేయించా. కాళ్లు 60 సెం.మీ. లోతు, చుట్టూ రాళ్లు దిమ్మిస కొట్టి.
2. స్క్రూ లావు కన్నా షీటుకు వేసే చిల్లు 3 మి.మీ. పెద్దగా ఉండాలి, రబ్బరు వాషరు పెట్టాలి. పాలీకార్బొనేట్ ఎండకు సాగుతుంది, చిల్లు టైటుగా ఉంటే మధ్యాహ్నం కల్లా అక్కడ్నుంచే పగులుతుంది.
3. వాలు పెంచా. ముందు 60, వెనక 130.
4. ఎత్తు వైపును నైరుతికి తిప్పకుండా, తగ్గు వైపును తిప్పా. జల్లు లోపలికి రావడం బాగా తగ్గింది.
5. ఒక ప్లాటు మీద అవే పట్టీలు బోర్లించి పెట్టా, మడత పైకి వచ్చేట్టు. వాన పట్టీ రెండు అంచుల నుంచి జారి కిందే పడుతుంది, అంటే వాన ఆగదు, నీడ మాత్రం అసలు పైకప్పు అంతే. నీడ వల్ల వచ్చే తేడా ఎంతో దీనితో విడిగా తెలుస్తుంది.

లక్స్ ఇప్పుడు 98,000కి 86,000. పన్నెండు శాతం పోయింది, ఇంతకన్నా తగ్గించలేకపోయా.

ప్లాట్లు: పైకప్పు 3, ఓపెన్ 4, బోర్లించినది 1. ఓపెన్‌లలో ఒకదాన్ని అక్టోబరులో కంచె దాటి వచ్చిన ఆవులు మేసేశాయి, దాన్ని లెక్కలోంచి తీసేశా, కాబట్టి ఇక మీదట ఓపెన్ 3.

ఆగస్టు 28, మఖ: 31 మి.మీ. పైకప్పు మీద పడింది 193.75 లీటర్లు, డ్రమ్ములో 84. అంటే 43 శాతం. సెప్టెంబరులో ఒక రాత్రి 44 మి.మీ. వచ్చింది, 275 లీటర్లకు డ్రమ్ములో 121, అంటే 44. సగం అనుకున్నది 44 దగ్గర నిలబడింది. ఇక దాన్ని సాగదీయకుండా లెక్కలన్నీ 44తోనే వేశా.

ఇప్పటివరకు ఖర్చు: 29,500. అందులో పాలీకార్బొనేట్ 13,400, ఫ్రేములు 9,600, గట్టర్లు, డ్రమ్ములు, స్క్రూలు కలిపి 2,200.

స్టేజ్ 3: పక్క నుంచి వచ్చే నీళ్లు (సెప్టెంబరు)

ఆ 44 మి.మీ. రాత్రి తర్వాత పైకప్పు కింద ప్లాటులో సన్నటి కాలువ గీత కనిపించింది. ఎర్రనేల పైన గట్టి పొర కడుతుంది కదా, పెద్ద వానకు నీళ్లు ఇంకే లోపే పల్లానికి పారతాయి, పై నుంచి పారిన నీళ్లు నేరుగా నా కరువు ప్లాటులోకే వచ్చాయి. పైన ఆపి కింద నుంచి తాపినట్టు అయింది.

1. పైకప్పు ప్లాట్ల చుట్టూ కందకం, 50 సెం.మీ. లోతు. గరుసు తగిలాక గడ్డపారతో రోజుకు రెండు మీటర్ల కన్నా సాగలేదు.
2. లోపలి గోడకు మందం పాలిథిన్ పట్ట, మళ్లీ మట్టి పూడ్చి తొక్కాం. బయటి గడ్డి వేర్లు కూడా లోపలికి రాకుండా ఆగుతాయి.
3. పట్ట అంచు నేల పైకి 8 సెం.మీ. లేచి ఉండాలి, లేకపోతే నీళ్లు దాని మీదుగా దూకుతాయి.
4. ఓపెన్ ప్లాట్లకు కూడా ఇదే కందకం తవ్వాలి. మొదట తవ్వలేదు, రెండు వారాల తర్వాత గుర్తొచ్చి తవ్వా. ఒకదానికి వేర్లు తెగి ఇంకోదానికి తెగకపోతే పోలిక చెడుతుంది.

స్టేజ్ 4: కోత, ఆరబెట్టడం, తూకం (నవంబరు)

కోయడం ఒక పూట పని, తూయడానికి రెండు వారాలు పట్టింది.

కరెంటు పైపుతో 50 సెం.మీ. చదరం ఫ్రేము చేసుకున్నా. ప్లాటు మధ్యలో వేసి లోపల మొదలున్న గడ్డినంతా కొడవలితో నేలబారుగా కోయాలి. ఫ్రేము లోపలికి వాలింది కానీ మొదలు బయట ఉంటే వదిలేయాలి. కోసినదాంట్లో నిరుటి బూడిదరంగు ఎండుగడ్డి విడిగా ఏరేయాలి, ఎందుకంటే మనకు కావాల్సింది ఈ ఏడు పెరిగింది మాత్రమే. ఒక్కో ప్లాటు ఏరడానికి గంటన్నర పట్టింది, మా జేజి కూర్చుని నాకన్నా వేగంగా ఏరింది.

తూకంలో తప్పు: మొదట న్యూస్‌పేపర్‌లో చుట్టి ఎండలో నాలుగు రోజులు పెట్టా. సాయంత్రం తూస్తే 43 గ్రాములు, మర్నాడు పొద్దున అదే కట్ట 46. రాత్రి మంచుకు గడ్డీ, పేపరూ రెండూ తేమ పీల్చాయి. ఏ తూకం రాసుకోవాలి? ఏదీ కాదు. కట్టల్ని ఓవెన్‌లో 65 డిగ్రీల దగ్గర పెట్టి, పన్నెండు గంటలకోసారి తూచి, వరసగా రెండుసార్లు ఒకే బరువు వచ్చేదాకా ఉంచా, దాదాపు రెండు రోజులు పట్టింది. తీసిన వెంటనే గడ్డి ఒక్కదాన్నే స్టీలు గిన్నెలో వేసి తూచాలి. వంటింటి త్రాసు ఒక గ్రాము దగ్గర ఆగిపోతుంది, 650 పెట్టి 0.1 గ్రాము త్రాసు తెచ్చా.

వేర్లు కూడా కొలుద్దామని రెండంగుళాల జీఐ పైపును సుత్తితో కొట్టి దించితే 28 సెం.మీ. దగ్గర గరుసుకు మూతి వంగిపోయింది. వచ్చిన మట్టిని దోమతెరలో కడిగితే సన్న వేర్లు, గడ్డి పోచలు, గరుసు అన్నీ ఒకటే ముద్ద. వదిలేశా. నీళ్లు తక్కువైతే మొక్క వేర్ల మీద ఎక్కువ పెట్టుబడి పెడుతుందంటారు, కాబట్టి నా లెక్క నేల పైన కనిపించే దానికి మాత్రమే అని గుర్తుపెట్టుకోండి.

స్టేజ్ 5: మొదటి ఏడు లెక్క

గేజ్‌లో సీజన్ మొత్తం వాన 412 మి.మీ. పైకప్పులు ఆపింది 140 (ఆగస్టుకు ముందు దాదాపు ఏమీ ఆపలేదు కదా), గడ్డికి చేరింది 272.

ఓపెన్, పావు చదరపు మీటరుకు ఎండు బరువు: 46.2, 38.8, 51.4 గ్రాములు. చదరపు మీటరుకు సగటు 182.
పైకప్పు: 41.0, 30.6, 38.2. చదరపు మీటరుకు 146.
బోర్లించినది: 44.0, అంటే 176. ఓపెన్‌ల మధ్యలోనే పడింది కాబట్టి నీడ తప్పు పెద్దది కాదని నమ్మకం కుదిరింది.

వాన 34 శాతం తగ్గితే గడ్డి 20 శాతం తగ్గింది. హెక్టారు లెక్కన ఓపెన్‌లో 1,820 కిలోలు, మిల్లీమీటరు వానకు 4.4 కిలోలు. పొడి నేలల్లో మిల్లీమీటరుకు సుమారు 4 కిలోల ఎండుమేత అని పాత లెక్క ఒకటి ఉంది, దాని దగ్గరే వచ్చింది, కాబట్టి నా కోత, తూకం మరీ తప్పు కావు. పైకప్పు కింద 5.4, అంటే ఉన్న నీళ్లను గడ్డి ఇంకా పొదుపుగా వాడింది.

ఇక్కడే ఆగిపోయి ఉంటే మా గడ్డి గట్టిది, కరువును తట్టుకుంటుంది అని అందరికీ చెప్పేసేవాణ్ని. మూడు ప్లాట్లే కదా, ఓపెన్‌లో తక్కువది 38.8, పైకప్పులో ఎక్కువది 41.0, ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. ఇంకో ఏడు చేయాలని అప్పుడే అనుకున్నా.

స్టేజ్ 6: పదును ఎంత లోతు దిగింది (రెండో ఏడు, జూన్ నుంచి)

కంచె పక్కన గొర్లు కాసే తాత రోజూ వచ్చి డ్రమ్ములోకి తొంగి చూసేవాడు. ఒకరోజు అన్నాడు: "అబ్బీ, వానెంత పడిందని రాసుకుంటే ఏముంది, ఒక వానకూ ఇంకో వానకూ నడుమ ఎన్ని దినాలు ఎండిందో అది రాసుకో." ఆ రోజు నుంచి ఇంకో కాలమ్ గీశా. ఈ ప్రాజెక్టులో నాకు దొరికిన సలహాల్లో ఇంత పనికొచ్చింది ఇంకోటి లేదు.

ఎన్ని దినాలు ఎండిందో చెప్పాలంటే ముందు ఏ వానకు పదునైందో, అంటే వేరు దాకా నేల తడిసిందో తెలియాలి. నేల తేమ కొలిచే సెన్సార్లు పెట్టా.

1. రెండు కాళ్ల చవక సెన్సారు కొనొద్దు. మూడు వారాల్లో కాళ్లు పచ్చబడి తుప్పు పట్టాయి, అంకెలు ఇష్టమొచ్చినట్టు తిరిగాయి.
2. కెపాసిటివ్ సెన్సారు నయం, కానీ పై భాగంలో చిప్పులు బయటే ఉంటాయి, నెయిల్ పాలిష్ మూడు పూతలు వేసి అంచులు కూడా మూయాలి.
3. మన మట్టితోనే క్యాలిబ్రేట్ చేయాలి: ఎండిన మట్టి డబ్బాలో పోసి, 50 మి.లీ. చొప్పున నీళ్లు కలుపుతూ ప్రతిసారీ అంకె రాసుకోవాలి.
4. పొద్దున ఆరు గంటల రీడింగే వాడా. ఎండకు సెన్సారు వేడెక్కితే మధ్యాహ్నం అంకె తేమ మారకపోయినా మారుతుంది.
5. ప్రతి చోటా రెండు, 5 సెం.మీ. లోతులో ఒకటి, 15లో ఒకటి.

ఇక వానలు. 6 మి.మీ. వాన: ఓపెన్‌లో 5 సెం.మీ. సెన్సారు లేచింది, 15ది కదల్లేదు, మూడో రోజుకు 5ది కూడా మొదటికొచ్చింది. 14 మి.మీ. వాన: ఓపెన్‌లో 15 సెం.మీ.ది లేచింది. పైకప్పు కింద చేరింది 7.8, అక్కడ 15ది కదల్లేదు. 31 మి.మీ. వానకు రెండు చోట్లా లేచింది.

ఇది చూశాకే నాకు విషయం అర్థమైంది. ప్రతి వానలోనూ మొదటి 8 మి.మీ. దాకా నేల పైపొర తడవడానికే పోతుంది, దాన్ని రెండు మూడు రోజుల్లో ఎండ తీసుకుపోతుంది, వేరుకు అందేది దాని పైన మిగిలింది మాత్రమే. 14 మి.మీ. వానలో ఓపెన్ గడ్డికి మిగిలింది 6. పైకప్పు కింద మిగిలింది సున్నా. నేను ఆపింది 44 శాతం, గడ్డి పోగొట్టుకున్నది ఆ వాన మొత్తం. అదే 44 మి.మీ. వానైతే ఓపెన్‌కు 36 మిగులుతుంది, పైకప్పు కింద 16.6, అంటే నష్టం 54 శాతం. మొదటి ఏడు పెద్ద వానలు ఎక్కువ పడ్డాయి, అందుకే గడ్డి తట్టుకుంది. మిల్లీమీటర్ల మొత్తం ఒక్కటే చూస్తే ఇది ఎప్పటికీ కనబడదు.

తాకకుండానే వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్ కూడా 900 పెట్టి తెచ్చా. ఆకు మీద కంటికి కనబడని రంధ్రాలుంటాయి, నీళ్లు ఉంటే తెరుచుకుని ఆవిరి వదుల్తాయి, ఆకు చల్లగా ఉంటుంది. నీళ్లు లేకపోతే మూసుకుంటాయి, ఆకు వేడెక్కుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ లోపలికి పోయేదీ ఆ రంధ్రాల్లోంచే, కాబట్టి నీళ్లు కాపాడుకునే గడియలోనే తిండి తయారీ కూడా ఆగిపోతుంది. మొదట నిలబడి గన్ గురిపెడితే 51 డిగ్రీలు చూపించింది, అది గడ్డిది కాదు, సందుల్లోంచి కనబడే ఎర్రమట్టిది. గన్‌ను దుబ్బుకు 5 సెం.మీ. దగ్గరగా పెట్టి, పది దుబ్బులు తీసి సగటు చూశా. ఆగస్టు 20న మధ్యాహ్నం రెండుకు ఓపెన్‌లో 36.4, పైకప్పు కింద 40.1.

ఇప్పటివరకు ఖర్చు: 32,200.

స్టేజ్ 7: రెండో ఏడు లెక్క

ఈ ఏడు వాన తక్కువ, గేజ్‌లో మొత్తం 298 మి.మీ. పైకప్పులు జూన్ నుంచే ఉన్నాయి, 131 ఆపాయి, గడ్డికి 167.

8 మి.మీ. దాటి నేలకు చేరిన వానలు ఓపెన్‌లో 13, పైకప్పు కింద 7.
పదును లేకుండా గడిచిన అన్నిట్లో పొడవైన గ్యాప్ ఓపెన్‌లో 34 దినాలు, పైకప్పు కింద 58.

ఓపెన్: 34.1, 27.5, 36.4. చదరపు మీటరుకు 131 గ్రాములు.
పైకప్పు: 12.8, 9.4, 15.1. చదరపు మీటరుకు 50.
బోర్లించినది: 31.9, అంటే 128.

వాన 44 శాతం తగ్గితే గడ్డి 62 శాతం పోయింది. ఈసారి ఏ రెండు అంకెలూ ఒకదాని మీద ఒకటి ఎక్కలేదు. మిల్లీమీటరుకు ఓపెన్‌లో అదే 4.4 కిలోలు, పైకప్పు కింద 3.0. నిరుడు పొదుపు చేసిన గడ్డే ఈ ఏడు ఉన్న నీళ్లను కూడా వాడుకోలేకపోయింది.

ఎందుకో దుబ్బులు లెక్కపెడితే తెలిసింది. మొదటి ఏడు జూన్‌లో పైకప్పు ప్లాట్లలో బతికున్న దుబ్బులు 14, 11, 16. రెండో ఏడు నవంబరుకు 5, 3, 7. చచ్చిన దుబ్బును చేత్తో పట్టుకుని లాగితే వేరుతో సహా ఊడి వచ్చింది, మొదలు లోపల నల్లగా, పొడిగా, కొత్త మొలక రావాల్సిన కన్ను ఒక్కటి కూడా లేదు. పంచుకోవడానికి దుబ్బులే లేకపోతే పడిన వాన మట్టిలోంచి ఎగిరిపోవడమే. వెంపలి మాత్రం వేరు లోతుకు దింపుకుని పచ్చగానే ఉంది, కానీ పచ్చి వెంపలిని మా గొర్లు ముట్టవు.

తాతకు గొర్ల లెక్కలో చెప్పా. మూడెకరాలంటే 1.2 హెక్టార్లు, ఇరవై గొర్లు రోజుకు ఇరవై కిలోల ఎండుమేత తింటాయనుకుందాం. ఓపెన్ లెక్కన 1,568 కిలోలు, మొత్తం మేసేస్తే 78 దినాలు. పైకప్పు లెక్కన 596 కిలోలు, 30 దినాలు కూడా నిండవు. విని చాలాసేపు ఏం మాట్లాడలేదు.

ఇందులో లోపాలు కూడా చెప్పాలి. నిజం కరువులో వానల సంఖ్య తగ్గుతుంది, నా పైకప్పు ప్రతి వానను చిన్నది చేస్తుంది, రెండూ ఒకటి కాదు. ఇంకోటి, నిజం కరువులో గాలి కూడా వేడెక్కి పొడిబారుతుంది, ఆకులోంచి నీళ్లు గుంజుతుంది. 2003లో యూరప్‌లో ఎండా కరువూ కలిసి వచ్చినప్పుడు ఖండం మొత్తం మీద మొక్కలు పట్టుకునే కార్బన్ సుమారు 30 శాతం పడిపోయింది. నా పైకప్పు గాలిని మార్చలేదు, కాబట్టి నిజం కరువు నా అంకెల కన్నా చెడ్డగానే ఉంటుందని నా నమ్మకం.

రిపేర్లకు 1,800. ఇప్పటివరకు ఖర్చు: 34,000.

స్టేజ్ 8: పట్టీలు తీసేశా (మూడో ఏడు, నడుస్తోంది)

జూన్ 5న పట్టీలన్నీ విప్పేశా, ఫ్రేములు అట్లే ఉన్నాయి. ఇప్పుడు అన్ని ప్లాట్లకూ ఒకే వాన. కరువు పోయాక గడ్డి వెంటనే లేస్తుందా, లేక పాత దెబ్బ ఇంకా మోస్తుందా అన్నది ఈ ఏడు ప్రశ్న.

1. కోయడం లేదు, నవంబరు దాకా దుబ్బుల లెక్క, ఎత్తు మాత్రమే.
2. పదిహేను రోజులకోసారి ఒకే చోట నిలబడి నేరుగా పై నుంచి ఫోటో.
3. నిరుడు కోసిన చోట కాకుండా ప్లాటులో రెండో పక్క కోతకు గుర్తు పెట్టా.

ఆగస్టు 30 దాకా వాన 131 మి.మీ., పదునైన వానలు 6. ఓపెన్‌లో దుబ్బులు 13, 12, 15. పైకప్పు తీసిన ప్లాట్లలో 5, 4, 7, అంటే మొత్తం మీద కొత్తది ఒక్కటే. ఖాళీ జాగాల్లో వానకు పుట్టి ఎండకు పోయే సన్న గడ్డి, వెంపలి మొలకలు నిండాయి. దూరం నుంచి చూస్తే రెండూ ఒకే పచ్చగా కనిపిస్తున్నాయి, కూర్చుని వేలితో పాయ తీస్తే కానీ తేడా తెలియడం లేదు. ఎత్తు ఓపెన్‌లో 41 సెం.మీ., ఇక్కడ 23.

కోత నవంబరు మొదటి వారం. కంచెకు కొత్త కంప కొట్టించా. డ్రమ్ములు ఖాళీగా పడున్నాయని ఒకటి తాత తీసుకుపోయాడు, గొర్లకు నీళ్లు తాపడానికి.